లోపల వెలగని స్టవ్

కొత్తగా పెళ్లయినవాళ్లు దేనికి పోట్లాడుకుంటారో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఈ ఇద్దరికీ మొదటి మాటతేడా స్టవ్ దగ్గర వచ్చింది. వంటింటి స్టవ్ కాదు. వీపుకు సంచి తగిలించుకుని కొండలెక్కేవాళ్లు వెంట మోసుకుపోయే బుల్లి స్టవ్.

అతనికి ఆమె పెట్టిన ముద్దుపేరు కాటాబాబు. తూకాలు సరిచూసే ప్రయోగశాలలో అతని ఉద్యోగం. మందుల కంపెనీలూ బంగారం కొట్లూ తమ కాటాలను అక్కడికి పంపిస్తే, అతను ఓ గాజు గదిలో కూర్చుని అవి నిజం చెబుతున్నాయో అబద్ధం చెబుతున్నాయో తేలుస్తాడు. ఆ గదిలో ఫ్యాను తిరగదు, కిటికీ తెరుచుకోదు. గాలి కాస్త ఊగినా తూకం తప్పుతుందట. అందుకని ఎక్కడికెళ్లినా అతని చెయ్యి తనంతట తనే వెనక్కి వెళ్లి తలుపు మూసేస్తుంది. సినిమా హాల్లోనూ అంతే, చుట్టాలింట్లోనూ అంతే.

ఆమెకు అతను పెట్టిన పేరు చెవులపిల్లి. వినికిడి పరీక్షలు చేసే క్లినిక్‌లో ఆమె పని. వచ్చినవాళ్లను చప్పుడు చొరబడని చిన్న గదిలో కూర్చోబెట్టి, మందపాటి తలుపు మూసి, చెవుల్లో సన్నటి కూతలు వినిపించి, ఎవరికి ఏది వినబడిందో రాసుకుంటుంది. లోపలి మనిషి గుటక వేసినా ఆమెకు మైకులో తెలిసిపోతుంది. ఇంట్లో మాత్రం ఏ సందులోంచి చప్పుడు వచ్చినా ఆ సందు మూసేదాకా ఆమెకు కాలూ చెయ్యీ ఆడదు.

"ఈడూ జోడూ బాగానే కుదిరింది గానీ, మీ ఇంటికి కిటికీలు దండగే" అని పెళ్లినాడే ఆమె అక్క వేళాకోళమాడింది. అందరూ నవ్వారు. ఆ మాటను తర్వాత వీళ్లిద్దరూ నవ్వకుండా తలుచుకోవలసిన రోజొకటి వస్తుందని అప్పుడెవరికి తెలుసు.

పెళ్లి సెలవులు కొన్ని మిగిలాయి. కొండమీద ఓ రాత్రి టెంటు వేసుకుని పడుకుందామనుకున్నారు. ఇక చూడాలి కాటాబాబు సంబరం. సంచిలోకి వెళ్లే ప్రతి వస్తువునూ తూచాడు. టూత్‌బ్రష్ పిడి సగానికి కోసేశాడు. ఇద్దరికీ ఒకే చెంచా అన్నాడు. సబ్బు కూడా అరిగినదే తెమ్మన్నాడు. ఆమె నడుము మీద చేతులు పెట్టుకుని, పెళ్లికి ముందు నన్నెందుకు తూచలేదు బాబూ అని అడిగితే, భయమేసింది అన్నాడు. ఆ మాటకు దిండు విసిరింది. అలాంటి రోజులవి. పొద్దున్న లేచి అతని చెప్పుల పక్కన తన చెప్పులు కనబడినా సరే, ఆమెకు తల కాస్త తిరిగేది.

స్టవ్ కోసం వాళ్లు బస్టాండు వెనక సందులోని ఓ పాత కొట్టుకు వెళ్లారు. టెంట్లూ, బూట్లూ, స్టవ్‌లూ కొత్తవి అమ్ముతారు, పాతవి అద్దెకిస్తారు. కొట్టాయనకు నిండా నెరిసిన మీసాలు. కొట్లోకి అడుగుపెట్టిన ప్రతి ఆడపిల్లనూ అమ్మాయ్ అనీ, వెంట వచ్చినవాణ్ణి అల్లుడూ అనీ పిలుస్తాడు. అల్లుళ్లకు ఆయన బేరం తగ్గించడు గానీ కాఫీ పోస్తాడు. అందులో ఓ కిటుకుంది. వెలిగించకుండా ఆ కొట్లో ఏ స్టవ్వూ బయటికి పోదు. పెరట్లో బండమీద పెట్టి, వెలిగించి, దానిమీదే నీళ్లు కాచి, కాఫీ కలిపి, కొనేవాళ్లతో కలిసి తాగాకే మాట ఖాయం చేస్తాడు. ఈ పని ఎండైనా వానైనా పెరట్లోనే. కొట్లో ఎప్పుడూ చెయ్యడు.

స్పిరిట్ పోసి వెలిగించే డబ్బా స్టవ్ చూశారు. నీళ్లు కాగేసరికి కొండ దిగిపోవచ్చని కాటాబాబు పెదవి విరిచాడు. పుల్లలతో మండేది చూశారు. గిన్నెకు మసి పడుతుందని ఆమె వద్దంది. అప్పుడు కొట్టాయన గ్యాసు డబ్బా మీద బిగించే చిన్నదాన్ని తీశాడు. కాళ్లు ముడిస్తే కప్పపిల్లలా గుప్పిట్లో ఇమిడిపోయింది. కాటాబాబు దాన్ని అరచేతిలో పైకీ కిందికీ ఆడించి, మురిసిపోయి, ఇదే అన్నాడు.

ఆమె కళ్లు మాత్రం పైఅరలో ఉన్న ఇత్తడి పంపు స్టవ్ మీద ఉన్నాయి. పొట్టమీద ఓ చిన్న సొట్ట. మూడు మడత కాళ్లు. ఎవరో రోజూ తుడుస్తున్నట్టు మెరుస్తోంది. ఆమె అడిగిందని కొట్టాయన దాన్ని దించి, పెరట్లో కిరసనాయిలు పోసి, పంపు కొట్టి వెలిగిస్తే నీలం రంగు మంట గుండ్రంగా లేచి, దూరాన జలపాతం పడుతున్నట్టు ఒకటే హోరు. ఆ హోరుకే ఆమె పడిపోయింది.

"అది వద్దులే అమ్మాయ్" అన్నాడు కొట్టాయన.

ఎందుకని అడిగింది.

"బయట బాగా వెలుగుతుంది. లోపల వెలగదు. ఎందుకని నన్నడగొద్దు. పట్టుకెళ్లిన ప్రతివాళ్లూ అదే మాట చెప్పి తెచ్చిచ్చేశారు."

కాటాబాబుకు ఆ మాట గిట్టలేదు. వస్తువన్నాక లోపమైనా ఉండాలి, లోపానికి కారణమైనా ఉండాలి. సరే, రెండూ పట్టుకెళ్లి ఇంట్లో పరీక్ష చేస్తాం, నచ్చినది ఉంచుకుని రెండోది ఇచ్చేస్తాం అన్నాడు. కొట్టాయన కాసేపు మీసం దువ్వుకుని, మీ ఇష్టం అల్లుడూ, మూసిన చోట మాత్రం దేన్నీ వెలిగించకండి అన్నాడు. ఇద్దరూ బుద్ధిగా తలూపారు. తలూపడానికేం, గంగిరెద్దూ ఊపుతుంది.

ఇక్కడ ఒక మాట ముందే చెప్పుకోవాలి. మూసిన చోట మండే మంట లోపలి మంచిగాలిని తినేసి, రంగూ వాసనా లేని విషాన్ని వదులుతుంది. ఆ విషం మనిషిని కొట్టదు, జోకొడుతుంది. తల బరువెక్కుతుంది, నిద్ర కమ్ముకొస్తుంది, హాయిగా కూడా ఉంటుంది. పడుకున్నవాళ్లు లేవరు. ఈ సంగతి గ్యాసు స్టవ్ అట్టపెట్టె మీద ఎర్ర అక్షరాల్లో రాసే ఉంది. చెవులపిల్లి దాన్ని పైకి చదివింది కూడా. టెంటుకు పైన గాలి సందు ఉంటుంది, కింద జిప్పు ఉంటుంది, రెండూ తెరిచి ఉంచితే భయం లేదు, అయినా మనం బయటే వెలిగిస్తాం కదా అన్నాడతను. అంతటితో అది తేలిపోయిందనుకున్నారు.

ఆ సాయంత్రం వంటింట్లో పరీక్ష మొదలైంది. ఎంత ఇంధనానికి ఎన్ని నీళ్లు కాగుతాయో తేల్చాలి. కాటా బల్లమీద, కాటా మీద స్టవ్. గాలి ఆడితే లెక్క తప్పుతుందని అతని చెయ్యి కిటికీ మూసింది. తలుపు కింద సందులోంచి పక్కింటి టీవీ వినబడుతోందని ఆమె చెయ్యి అక్కడ తువ్వాలు కూరింది. ఇత్తడి స్టవ్ ఇంకా బాల్కనీలోనే ఉంది. గ్యాసుది ముందు వెలిగించారు. బాగా మండింది, నీళ్లు కాగాయి. ఆమెకు కణతలు కాస్త పోటెక్కాయి గానీ ఆకలేమో అనుకుంది.

తర్వాత ఇత్తడి దాన్ని లోపలికి తెచ్చి వెలిగించారు. నీలం మంట లేచింది. హోరు మొదలైంది. కాటాబాబు అంకెల మీద చూపు నిలిపి వంగాడు.

ఉఫ్.

మంట ఆరిపోయింది. కొట్టుమిట్టాడలేదు, ఎర్రబడలేదు. ఉన్నది లేకుండా పోయింది, అంతే.

అతను పిన్నుతో రంధ్రం పొడిచాడు. నూనె చూశాడు. మళ్లీ పంపు కొట్టి వెలిగించాడు. మళ్లీ ఆరింది. బాల్కనీలో పెడితే నిక్షేపంగా మండింది. బుగ్గలు పూరీల్లా ఉబ్బించి దాని మీద తనే ఊది చూశాడు. ముఖం కందిపోయింది గానీ మంట వంగనైనా వంగలేదు. పంపు స్టవ్ ఊదితే ఆరే రకం కాదు. గాలి మర విప్పితేనే ఆరుతుంది. ఆ మర బిగించినట్టే ఉంది.

"లోపల నువ్వు ఊదావా?" అని అడిగింది ఆమె.

"నేను కాటా వైపు చూస్తున్నాను కదే."

"మరెవరు ఊదారు? నాకు వినబడింది."

అతను నవ్వాడు. "అప్పుడే ఇంట్లో మూడో మనిషి ఊపిరి వినబడుతోందా? మీ అక్కకు ఫోన్ చేసి శుభవార్త చెప్పెయ్."

ఆమె కూడా నవ్వి అతని వీపు మీద ఒకటి వేసింది. కానీ రోజంతా సన్నటి చప్పుళ్లతో బతికే మనిషి ఆమె. తను విన్నదేమిటో ఆమెకు తెలుసు. కోపంతో ఊదింది కాదు, ఆటకు ఊదింది కాదు. దీపం చీరకు అంటుకోబోతుంటే ఎవరైనా ఎలా ఊదుతారో, అలా, కంగారుగా. ఊదాక ఊపిరి గొంతులో చిక్కుకున్నట్టు చిన్న వెక్కు. ఆ వెక్కు ఆమె చెవి పక్కనే వినబడింది. అతను ఉన్నది బల్లకు అవతల.

స్టవ్ విషయం తేలిపోయింది, గ్యాసుదే ఉంచుకుందాం, ఇత్తడిది వచ్చాక ఇచ్చేద్దాం అన్నాడు కాటాబాబు. ఆమె సరేనంది. అని, బయలుదేరే ముందు అతను స్నానానికి వెళ్లగానే ఇత్తడి స్టవ్‌ను తన ఉన్ని చొక్కాలో చుట్టి సంచి అడుగున పెట్టుకుంది. ఎందుకని అడిగితే చెప్పలేకపోయేది. ఖాళీ ఇంట్లో దాన్ని ఒక్కదాన్నీ వదిలి తలుపు మూసి పోవడానికి చేతులు రాలేదు.

బస్సులో సంచి పైకి అందుకోబోతూ అతను ఒక్క క్షణం ఆగాడు. "ఇత్తడి" అన్నాడు.

"నా వీపు, నా మోత" అందామె.

కొండ బాగుంది. ఎక్కుతుంటే కాళ్లు పీకాయి, పీకినా బాగుంది. పైన ఓ పెద్ద బండరాయి కింద చదునైన గడ్డి. అక్కడ టెంటు వేశారో లేదో మధ్యాహ్నమే ఆకాశానికి చిల్లు పడింది. వాన ఏటవాలుగా కొట్టింది, గాలి దానికి తోడైంది. బట్టలు తడిసి పళ్లు టకటకలాడాయి. బయట స్టవ్ వెలిగించబోతే అగ్గిపుల్ల కూడా నిలవలేదు.

టెంటులోనే, గుమ్మం దగ్గర వెలిగిద్దాం అన్నాడతను. పైన సందు, కింద జిప్పు తెరిచే ఉన్నాయి, భయం లేదు. ఆమె గిన్నెలో వాననీళ్లు పట్టేందుకు చెయ్యి బయటికి చాపి, గిన్నె లోపలికి తీసుకుని, సంచిలో కాఫీ పొడి వెతకడానికి అటు తిరిగింది. కింద జిప్పు సందులోంచి జల్లు వచ్చి పక్కబట్టల మీద పడుతోంది. అతని చెయ్యి దాన్ని మూసేసింది. పైన తెరిచే ఉందిగా అనుకున్నాడు. ఆ తర్వాత అతను గ్యాసు డబ్బాకు స్టవ్ బిగించుకుంటున్నాడు. పైన సందు మీది గుడ్డరెక్క గాలికి టపటపమని ఒకటే కొట్టుకుంటోంది. ఆమె చెయ్యి దాన్ని అతికించేసింది. కింద తెరిచే ఉందిగా అనుకుంది. ఒకరికొకరు చెప్పుకోలేదు. చెప్పుకోవడానికి అది పనిలా తోచలేదు, చేతులు చేశాయంతే.

స్టవ్ ముచ్చటగా మండింది. కాఫీ తాగారు. మంట ఆర్పలేదు, మేజోళ్లు ఆరనిద్దామనుకున్నారు. ఆమె అతని తొడమీద తల పెట్టుకుని పడుకుంది. వాన చప్పుడు దూరంగా జరిగినట్టుంది. తల తేలికగా, తియ్యగా తిరుగుతోంది. పెళ్లయిన దగ్గర్నుంచీ తిరుగుతూనే ఉంది కనుక ఆమెకు అదేమీ కొత్తగా అనిపించలేదు. అతను ఏదో చెబుతున్నాడు. మాటకూ మాటకూ మధ్య ఎడం పెరుగుతోంది. మంట అంచులు పసుపెక్కాయి. ఎంత బాగుంది, ఇలాగే నిద్రపోతే ఎంత బాగుంటుంది అనుకుంది.

ఉఫ్.

మంట పోయింది. గ్యాసు మాత్రం బుస్సుమంటూనే ఉంది. అతను తడుముకుని మర కట్టేశాడు. చలికి గ్యాసు బిగుసుకుందేమో అని గొణిగి, కాసేపాగి మళ్లీ వెలిగించాడు.

ఉఫ్.

ఇది గ్యాసు స్టవ్. ఇంట్లో, మూసిన వంటింట్లో, హాయిగా మండిన స్టవ్. ఆ ఆలోచన ఆమె తలలో బురదలోంచి లేచినట్టు మెల్లగా లేచింది. ఈసారి అతను లైటరు గీశాడు. లైటరు మంట పుట్టగానే దాన్నీ ఎవరో ఊదేశారు.

"ఊపిరి బిగబట్టు" అందామె.

"ఆఁ?"

"నీ ఊపిరి. ఆపు."

అతను ఆపాడు. ఆమె కూడా ఆపింది. క్లినిక్ గదిలో తలుపు పడ్డాక ఎలా వింటుందో అలా విన్నది. వాన. గుడ్డ. తన గుండె. వాటి మధ్య, తనది కానిదీ అతనిది కానిదీ ఇంకో ఊపిరి. గబగబా, పైపైన, పరిగెత్తుకొచ్చిన మనిషిలా. అది ఆమె సంచి దగ్గర మొదలైంది. అతని భుజం పక్కనుంచి పైకి జరిగింది. టెంటు కొన దగ్గర ఆగి, అక్కడ గుడ్డను ఊదుతోంది. ఉఫ్. ఉఫ్. మూసిన సందు దగ్గర, లోపలినుంచి.

ఆమె తల పైకెత్తి చూసింది. ఎవరూ లేరు. గుడ్డ మాత్రం బయటికి కొంచెం ఉబ్బి, అణిగి, మళ్లీ ఉబ్బుతోంది.

"అది నేను మూసేశాను" అంది నాలుక మందంగా. "కింద తెరిచే ఉందిగా?"

అతను కింది జిప్పు వైపు చూశాడు. "పైన తెరిచే ఉందిగా అని నేను కింద మూశాను."

లేవబోతే ఆమె కాళ్లు ఆమెవి కావన్నట్టు మడతపడ్డాయి. అతని వేళ్లు జిప్పును పట్టుకోలేక జారిపోయాయి. ఆమె మొగుణ్ణి పక్కకు తోసి, పాక్కుంటూ వెళ్లి, రెండు చేతులా జిప్పు పట్టుకుని తన బరువంతా వేసి లాగింది. చలిగాలి ముఖాన కొట్టింది. అతని చొక్కా పట్టుకుని ఈడ్చింది. ఇద్దరూ తడిగడ్డి మీద బోర్లాపడి, కడుపులో ఉన్నదంతా కక్కుకున్నారు. వాన మీద పడుతుంటే లేవకుండా, ఒకరి చెయ్యి ఒకరు వదలకుండా, గాలి తాగారు. అంత రుచి వాళ్లు ఏ విందులోనూ ఎరగరు.

చాలాసేపటికి అతను, "మీ అక్క అన్నది నిజమే" అన్నాడు. ఇద్దరికీ నవ్వు రాలేదు.

వాన కాస్త నెమ్మదించాక బండరాయి చూరు కిందికి చేరారు. ఆమె సంచి తెచ్చుకుని, ఇత్తడి స్టవ్ తీసి రాతిమీద పెట్టి వెలిగించింది. అతను వద్దనలేదు. నీలం మంట లేచింది. గాలి ఇంకా వీస్తూనే ఉంది. ఆమె జుట్టు ముఖానికి కొట్టుకుంటోంది, గడ్డి నేలకు వంగిపోతోంది. మంట మాత్రం నిటారుగా ఉంది, ఎవరో గాలికి అడ్డంగా కూర్చున్నట్టు.

అప్పుడు కాటాబాబు ఆమె మోచేతిని మెల్లగా పట్టుకుని అటు చూడమన్నాడు. చూరు కిందికి ఏటవాలు జల్లు పడి రాయంతా నల్లగా తడిసింది. స్టవ్‌కు అవతల, ఒక మనిషి మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నంత మేర మాత్రం రాయి పొడిగా ఉంది.

ఇద్దరూ కదలలేదు. చెవులపిల్లికి పారిపోవాలనిపించలేదు. కాఫీ కలిపింది. ఉన్నవి రెండు కప్పులే. తన కప్పును స్టవ్ అవతలికి, ఆ పొడి చోటికి జరిపింది. పిలవడానికి వరస తెలియలేదు. విన్న వెక్కు ఆడమనిషిదని మాత్రం ఆమె చెవికి తెలుసు. "తాగక్కా" అంది.

కప్పులోంచి లేస్తున్న ఆవిరి ఒక పక్కకు వంగింది.

తిరిగొచ్చాక ఇత్తడి స్టవ్‌ను కొట్టుకు తీసుకెళ్లారు. బస్సులో అతను దాన్ని తన ఒళ్లోనే పెట్టుకున్నాడు. బరువు సంగతి ఎత్తలేదు. కొనేసుకుందాం, ఇంట్లో ఉంచుకుందాం అన్నాడు దారంతా. ఆమె ఆలోచిస్తూ వచ్చింది గానీ అవునని అనలేదు.

కొట్టాయన స్టవ్ అందుకుని, సొట్ట మీద బొటనవేలితో రాసి, "ఏమ్మా, లోపల వెలగలేదా?" అని అడిగాడు.

ఆమె మొగుడి ముఖం చూసింది, ఆయన ముఖం చూసింది. "వెలగలేదు బాబాయ్."

"ఆఁ. అందరూ ఆ మాటే చెబుతారు" అన్నాడాయన. చెప్పి, బల్ల మీద గుడ్డ తీసుకుని స్టవ్ తుడవసాగాడు. తుడుస్తూనే, అడక్కుండానే చెప్పాడు. దీన్ని తెచ్చిచ్చింది ఓ పెద్దావిడ. ఆవిడ కూతురూ అల్లుడూ ఇలాగే పెళ్లైన కొత్తలో కొండకెళ్లారట. వాన పడిందట. టెంటు మూసుకుని దీన్ని వెలిగించుకున్నారట. మళ్లీ లేవలేదట. ఆర్పి పడుకోవే అని ఆ పిల్లకు చిన్నప్పట్నుంచీ చెప్పి చెప్పి నోరు నొప్పెట్టేదట తల్లికి. దీపం ఆర్పడం, లైటు ఆర్పడం, ఏదీ జ్ఞాపకముండేది కాదట.

"నీకంటే కాస్త పెద్దదై ఉంటుంది" అన్నాడు కొట్టాయన. "పారెయ్యొద్దు, పదిమంది చేతుల్లో తిరగనివ్వండి అందావిడ. నాకప్పుడు అర్థం కాలేదు."

కొంటామన్న మాట ఇక కాటాబాబూ అనలేదు.

కొట్టాయన స్టవ్‌ను పైఅరలో పెట్టలేదు. ఈసారి చూపుకు ఎదురుగా, మధ్య అరలో పెట్టాడు. అప్పుడే ఓ జంట లోపలికొచ్చింది. అమ్మాయి చేతుల గోరింటాకు ఇంకా పూర్తిగా పోలేదు. కుర్రవాడు టెంట్ల వైపు వెళ్లాడు, ఆమె తిన్నగా ఇత్తడి స్టవ్ దగ్గరికొచ్చి ఎంత ముద్దొస్తోందో అంది. అది లోపల వెలగదమ్మాయ్ అని కొట్టాయన అంటుండగా, మనవాళ్లిద్దరూ బయటికి నడిచారు.

గుమ్మం దాటుతుంటే చెవులపిల్లి చెవి పక్కన ఎవరో నిట్టూర్చారు. ఈసారి కంగారు లేదు. పని మధ్యలో ఓ క్షణం నడుం నిమురుకునే మనిషి నిట్టూర్పు అది.

కాటాబాబు చెయ్యి అలవాటుగా వెనక్కి వెళ్లి కొట్టు తలుపును పట్టుకుంది. పట్టుకుని, ఆగింది. అతను తలుపును గోడవరకూ తోసి, పక్కనున్న ఇటుకరాయిని కాలితో జరిపి అడ్డం పెట్టాడు.